ఓడుటకు కుదుర్చుకొన్న కాలుడు

అమెరికా చలనచిత్రములలోని బాంబునకు గల సౌజన్యము లోకమున మఱి యే మారణసాధనమునకును లేదు. కత్తి చెప్పి పొడువదు. విషము అడిగి తలకెక్కదు. పాము, పరీక్షిన్మహారాజు విషయమున దప్ప, గడువు పెట్టి కరవదు. ఆ బాంబు మాత్రము తన రొమ్మున ఎఱ్ఱని అంకెల పలక నొకదానిని ధరించి, తాను ప్రేలుటకు ఎన్ని నిమిషములు, ఎన్ని సెకండ్లు మిగిలియున్నవో ఎదుటివానికి క్షణక్షణమును నివేదించుచు, ఆతడు మెట్లు దిగి, తలుపు పగులగొట్టి, చెమట తుడుచుకొని, విడాకుల యంచున నున్న భార్యకు ఫోనులో క్షమాపణ చెప్పుకొని, కోయవలసినది ఎఱ్ఱతీగయా నీలితీగయా యని పూర్వోత్తర మీమాంసలు రెండును ముగించు వఱకు ఓపికతో వేచియుండి, కట్టకడపటి సెకండున మారుమాట లేక చల్లబడును.

1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’ చిత్రమున అమెరికావారి బంగారపు కోటలో అమర్చిన అణుబాంబు సరిగా 007 అను అంకెయొద్ద ఆగిపోయినది. కథానాయకుని గూఢచారి సంఖ్యయు నదియే. బాంబునకు భౌతికశాస్త్రముతోపాటు స్వామిభక్తియు తెలియునని ఆనాడే ఋజువైనది. ఇంక మూడు టిక్కులైనచో కొంప మునిగెడిదని నాయకుడు ఆ వెంటనే చమత్కరించుటయు, పలకమీద మాత్రము ఏడు వెలుగుచుండుటయు మఱియొక వినోదము. మాటకును అంకెకును పొత్తు కుదిరినదా యని సరిచూడవలసిన అగత్యము ఎవ్వరికిని తోచలేదు కాబోలు. ఆ అంకె యేదైనను ఫలితము మారదని తీసినవారును చూచినవారును ఒక్కతీరుననే యెఱుగుదురు.

ఈ జాతి చిత్రములకు ప్రకటనకర్తలు తగిలించు బిరుదము ‘కాలముతో పందెము’. పందెమన్నచో గెలుపోటములు రెండును సాధ్యములై యుండవలెను. సాధ్యములు కానిచో అది జాతరలలో ముందుగనే ముడుపు ముట్టిన మల్లుడు తొడ చఱచి, మీసము దువ్వి, నాలుగు పట్లు పట్టినట్లు నటించి, సైగ చేసినంతనే వెల్లకిలబడు కుస్తీ యగును. ఇక్కడ ఆ మల్లుడు సామాన్యుడు కాడు. సకల చరాచరమును మ్రింగుటకు పేరుగన్న కాలపురుషుడు. చక్రవర్తులను వదలనివాడు, యుగములను పొడిచేసినవాడు, హాలీవుడ్ వారి చిత్రశాలలో ఓడుటకు కుదుర్చుకొన్న కూలివాడై, అంకెల పలక ధరించి నిలుచుండుట చూడగా నవ్వును రాదు, జాలియు రాదు, ఆవులింత మాత్రము వచ్చును.

ఈ దృశ్యకావ్యభేదమునకు భరతముని లక్షణము చెప్పక పోయినను, చిత్రములే పదేపదే చెప్పుచున్నవి. నాయకుడు వృత్తియందు అద్వితీయుడు, గృహమునందు అపరాధి. గతమున ఆతనికొక ఆప్తమరణము గలదు. అది కథ నడువనపుడెల్ల నెమరునకు వచ్చును. ప్రతినాయకుడు మొదటి మూడుపాళ్లు కేవలము గొంతు. పోలీసులు నేరస్థుని విడిచి నాయకునినే అనుమానింతురు. గోడలయందు, చేతులయందు, కారులయందు గడియారము సర్వాంతర్యామి. గడువు తీరుటకు మూడు నిమిషములుండగా ప్రతినాయకునకు తన బాల్యము, ఆశయములు, కార్యప్రణాళిక ఏకరువు పెట్టవలెనను కోరిక పుట్టును. ఆ ఉపన్యాసమే వాని చావు.

ఈ లక్షణములకెల్ల లక్ష్యమై భద్రపరుపదగిన చిత్రరాజము ‘ఎయిటీ ఎయిట్ మినిట్స్’. దర్శకుడు జాన్ ఆవ్‌నెట్. రచయిత గేరీ స్కాట్ థాంప్సన్, 2001 నాటి ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ రచయితలలో నొకడు గనుక వేగమునకు కొత్తవాడు కాడు. నాయకుడు సాక్షాత్తు అల్ పచీనో. సియాటిల్ నగరమున జాక్ గ్రామ్ అను మనోవైద్యుడు కలడు. ఆతడు నేరస్థుల మనస్సులను చదువువాడు, విశ్వవిద్యాలయమున పాఠము చెప్పువాడు. ఆతని సాక్ష్యబలముచేతనే జాన్ ఫార్స్టర్ అను వరుసహంతకునకు మరణశిక్ష పడినది. ఆ శిక్ష అమలు కావలసిన దినముననే ఆచార్యునకు ఫోను వచ్చును: ఇక ఎనుబదియెనిమిది నిమిషములే నీ ఆయువని గొంతు మార్చుకొన్న యొక అదృశ్యవ్యక్తి హెచ్చరించి, గడియారపు చప్పుడును నోటితో అనుకరించి చూపును. ఆ సంఖ్యయే యేల? వెనుకనెన్నడో ఆచార్యుని చిట్టిచెల్లెలిని ఒక దుర్మార్గుడు హింసించి చంపుటకు పట్టిన కాలము అంతయట. ఒక పసిబిడ్డ చావును గడియారమునకు తాళపుచెవిగా వాడుకొనుటకు సంకోచింపని రచన, తరువాత ఆ బిడ్డ పేర కార్చిన కన్నీటిని మనము నమ్మవలెనని కోరుచున్నది.

పేరున 88, చిత్రపు నిడివి 108. మిగిలిన యిరువదియు కొసరు. పూర్వకథ, విచారణ, పరిచయములు ముగిసిన పిమ్మట గాని ఆ ఫోను రాదు. వచ్చినది మొదలు తెర మీది నిమిషమును మన నిమిషమును జోడుగా నడుచునన్న భ్రాంతి కల్పింపబూనిరి. సియాటిల్ అని చూపిన వీధులు అధికభాగము కెనడాలోని వాంకూవర్ వీధులు. చిత్రీకరణము 2005లో జరిగినది. అమెరికా థియేటర్లను చేరినది 2008 ఏప్రిల్ 18న. ఎనుబదియెనిమిది నిమిషములలో మిన్ను విరిగి పడునని ఊపిరాడక చెప్పిన కథ అమెరికాలో రెండేండ్లకు పైగా డబ్బాలలో నిశ్చింతగా పరుండి నిదురించినదన్నమాట. ఆ నిదురను చెరుపకున్నచో ఎవరి ప్రాణమును పోయెడిది కాదు.

ఆయువు తీరిన సంగతి ముందుగా తెలియుట మనకు కొత్త కథ కాదు. భాగవతమున ఖట్వాంగ మహారాజునకు ముహూర్తకాలమే మిగిలినదని తెలిసినది. ముహూర్తమనగా 48 నిమిషములు. ఆతడా స్వల్పకాలమున సర్వమును త్యజించి, హరియందు మనస్సు నిలిపి తరించెను. మన ఆచార్యునకు అంతకంటె 40 నిమిషములు అధికముగనే దొరికినవి. ఆతడు వానినన్నింటిని ఫోనున వెచ్చించెను. నడచుచు ఫోను, నడుపుచు ఫోను, పరుగెత్తుచు ఫోను. ప్రాణభయము వచ్చిపడిన తరువాతను తరగతికి పోయి పాఠము చెప్పును. విద్యాలయమును బాంబు బెదిరింపుచేత ఖాళీ చేయింతురు. ఆతని కారు ధ్వంసమగును. బెదిరింపు వాక్యములు ఆతడు పోయిన చోటికెల్ల ఆతనికంటె ముందుగా చేరియుండును. ఇన్ని జరుగుచున్నను ఆతని ముఖమున కనబడునది చావు దాపురించిన మనుష్యుని తత్తరపాటు కాదు, రైలు ఆలస్యమైన ప్రయాణికుని చిరాకు మాత్రమే. సమాచారము కావలసినపుడెల్ల కార్యదర్శిని ఫోనున పలుకును. అడిగినది అడిగినట్లు లభించును. లభించిన దానివలన మఱియొకనికి ఫోను చేయవలసి వచ్చును. ఇది కాలముతో పందెము కాదు, టెలిఫోను సంస్థతో ఒడంబడిక.

ఇక అనుమానితుల సంగతి. శిష్యుడు, శిష్యురాలు, డీను, కావలివాడు, మోటారుసైకిలు మీది అజ్ఞాతుడు, తెరమీదికి వచ్చిన ప్రతి ప్రాణియు ఒక్కమారు ఓరచూపు చూచి మనలను శంకింపజేసి పోవుటకే జన్మించినట్లుందురు. అందరును దోషులవలె కనబడునపుడు ఎవ్వరి దోషమును ఆశ్చర్యము గొలుపదు. కావుననే చివరకు శిష్యురాలి వేషమున నుండిన ఫార్స్టరు న్యాయవాదియే ఈ తంత్రమంతయు నడపినదని బయటపడినపుడు ప్రేక్షకునకు కలుగునది, లాటరీలో ఎవ్వరిదో సంఖ్య పలికినపుడు కలుగు ఉదాసీనత. ఆమెయైనను పట్టువడిన ఆచార్యుని తక్షణము చంపునా? చంపదు. ఆతనిచేత ఒప్పుకోలు మాటలు రికార్డు చేయింపదలచి, సంభాషణ సాగించి, ఎఫ్‌బీఐ మిత్రుడు వచ్చి తుపాకి పేల్చుటకు చాలినంత వ్యవధి యిచ్చును. ఎనుబదియెనిమిది నిమిషములు ఒక్కొక్కటిగా లెక్కించి హెచ్చరించిన గణకురాలు తన పని కాలమునకు మాత్రము లెక్క తప్పినది.

ఈ వైఫల్యమునకు మూలమేదో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఏనాడో విప్పి చెప్పియున్నాడు. బల్లక్రింద బాంబున్నదని ఎవ్వరికిని తెలియక అది హఠాత్తుగా ప్రేలినచో ప్రేక్షకునకు దక్కునది కొన్ని సెకండ్ల ఉలికిపాటు. బల్లయొద్ద కూర్చున్నవారికి తెలియక, మనకు మాత్రము తెలిసియున్నచో, వారాడుకొను అల్పప్రసంగము సైతము పదిహేను నిమిషములు మన గుండెలను పట్టియుంచునని ఆయన సిద్ధాంతము. గడువు కథకు ప్రేక్షకుని జ్ఞానము ఇంధనము. హంతకుడెవ్వడను కథకు ప్రేక్షకుని అజ్ఞానము ఇంధనము. రెండింటిని ఒక్క పొయ్యిలో పోసిన ఈ చిత్రము రెంటికి చెడిన రేవడియైనది. ఆ హిచ్‌కాక్‌యే 1936లో ‘సాబొటాజ్’ అను చిత్రమున ఏమియు నెఱుగని బాలునిచేత బాంబు పొట్లము మోయించి, లండను వీధులలో త్రిప్పి, నిజముగనే బస్సుతోకూడ పేల్చివేసెను. బాలుని చంపుట తన పొరపాటని తరువాత ఆయనయే యనెను. ఆ పొరపాటును హాలీవుడ్ నేటికిని మఱువక, మఱి యే బాంబును వేళకు ప్రేలనీయకుండ ప్రాయశ్చిత్తము చేసికొనుచున్నది.

ఫోనుతోను గడియారముతోను భయము పుట్టించు విద్య నేటిది కాదు. 1909లో డి. డబ్ల్యు. గ్రిఫిత్ ‘ది లోన్లీ విల్లా’ అను మూకీ చిత్రమును ఒక్క రీలులో తీసెను. దొంగలు ఇంటి తలుపులు బద్దలు కొట్టుచుండగా లోపల భార్యాబిడ్డలు వణకుచుందురు, దూరమున నున్న భర్త ఫోనులో ఆ సంగతి వినును, తీగ తెగిపోవును, ఆతడు ఇంటికి పరుగిడును. ఇటు తలుపు, అటు దారి, మఱల తలుపు, మఱల దారి. మాటయే లేని బొమ్మ అది. ఆ ఫోను ఒక్కమారు తెగుటచేతనే భయము పుట్టినది; ఈ ఫోను ఎన్నడును తెగకపోవుటచేత భయము పుట్టలేదు. తొంబదితొమ్మిదేండ్ల నాగరకతా పురోగమనమున మనకు లభించినది జేబులో పట్టు టెలిఫోను, జేబు ఖాళీయగు టిక్కెట్టు.

తెర మీది కాలమును నిజకాలమును ఇంచుమించుగా జోడించి నడిపించుట సాధ్యము కాదా యన్నచో, 1952లో ఫ్రెడ్ జిన్నెమన్ ‘హై నూన్’ తీసి సాధ్యమని చూపెను. 85 నిమిషముల చిత్రమది. మిట్టమధ్యాహ్నపు రైలులో పగవాడు దిగును. స్టేషనునందు వాని అనుచరులు మువ్వురు కాచుకొనియుందురు. నాటి యుదయముననే పెండ్లియాడిన మార్షల్ విల్ కేన్, ఊరివారిని తోడు రమ్మని అడుగుచు వీధివీధి తిరుగును. న్యాయమూర్తి జెండాను మడచి గుఱ్ఱమెక్కి పోవును. స్నేహితుడొకడు లోపల దాగి, ఇంట లేనని భార్యచేత చెప్పించును. చర్చిలో ధర్మాధర్మచర్చ జరిగి, చివరకు ఊరు విడిచిపొమ్మను హితబోధగా తేలును. గోడగడియారము అక్కడ మాటిమాటికి కనబడును. కాని అది చూపునది నిమిషములను కాదు, మూతపడుచున్న తలుపులను. ముల్లు జరిగినకొలదియు ఒక్కొక్క మనుష్యుడు తగ్గును. పండ్రెండు కొట్టునప్పటికి మార్షల్ తన మరణశాసనము వ్రాసికొనుచుండును. ఆతడు గెలుచును, నిజమే. గెలిచి, అధికారచిహ్నమైన నక్షత్రమును దుమ్ములో పారవైచి ఊరు విడిచి పోవును. ఊరు దక్కినది, ఊరిమీది నమ్మకము దక్కలేదు.

అంతదూరము పోనేల? తిక్కన ద్రోణపర్వము తెఱచినచో కాలముతో పందెమన నేమో తెలియగలదు. అభిమన్యుడు పద్మవ్యూహమున కూలిన మఱునాడు, సూర్యాస్తమయములోపల సైంధవుని చంపెదను, చంపలేనిచో అగ్నిప్రవేశము చేసెదనని అర్జునుని ప్రతిజ్ఞ. ఎదుట ద్రోణుని వ్యూహము. సైంధవుడు దాని కట్టకడపట. ప్రొద్దు వాలుచుండగా గుఱ్ఱములు దప్పిగొనెను. అప్పుడు నాయకుడేమి చేసెను? ఆగెను! రణమధ్యమున బాణములతో కొలను కల్పించి, కృష్ణునిచేత గుఱ్ఱములను విప్పించి, నీరు త్రాగించి, శల్యములు పెఱికించి, మఱల కట్టించెను. కాలము తరుముకొని వచ్చుచుండగా ఆగగలుగుటకంటె ఉత్కంఠ గలదా? ఇక మూల్యమా? భూరిశ్రవుడు మఱియొకనితో పోరాడుచుండగా ఆతని బాహువును అర్జునుడు ఖండింపవలసివచ్చెను. ప్రాయోపవిష్టుడైన ఆతని శిరస్సును సాత్యకి తీసి అపకీర్తి మూటగట్టుకొనెను. సూర్యుని మఱుగుపరచు మాయ లేనిదే పని నెరవేరలేదు. నెరవేరిన పిదప శాంతియు రాలేదు. యుద్ధము రాత్రికి సాగి ఘటోత్కచుని పొట్టన బెట్టుకొనెను. సైంధవుడు చచ్చునని పందిరిలో కూర్చున్న ముసలివారినుండి పసివారి వఱకు అందరెఱుగుదురు. ఐనను పురాణము విప్పిన ప్రతిమారు ప్రొద్దువంక చూతురు.

మన తెలుగు తెరయు ఈ అంటుజాడ్యమునకు దూరము కాదు. పురోహితుడు గట్టిమేళమని కేకవేసి, వరుడు మంగళసూత్రము చేతబట్టి, ముడివేయుటకు వ్రేలెడు దూరమున నుండగా ‘ఆపండి’ అను కేక ఎన్ని పెండ్లిపందిళ్లను స్తంభింపజేయలేదు! ఆ కేక ముడి పడిన తరువాత వినబడిన చిత్రమును వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ప్రతినాయకుడు సపరివారముగా నేలకొరగి, నాయకుడు చొక్కా దులుపుకొనుచుండగా జీపులలో దిగు పోలీసులు మాత్రము మనవారి స్వతంత్రసృష్టి. కాలముతో పందెమున నిజముగా ఓడిపోవు పాత్రలు మన చిత్రములలో వారొక్కరే గనుక, వాస్తవికత కొఱకు వారికొక నమస్కారము చేయవలెను.

నిర్మాతల పక్షమున ఒక వాదము కలదు. దినమంతయు నలిగిన మనుష్యుడు టిక్కెట్టు కొని వచ్చునది అభయము కొఱకు. నాయకుడు బ్రదుకునని ముందే తెలిసియుండుట ఆతని హక్కు. సూత్రము ననుసరించుట ఆతనికి సేవయేగాని ద్రోహము కాదని. ఈ వాదము సగము నిజము. మార్కండేయుడు బ్రదుకునని, సావిత్రి గెలుచునని ఎఱుగనివారెవరు? ముగింపు తెలియుట దోషము కాదు, మూల్యము లేకపోవుట దోషము. సావిత్రి యముని వెంట నడచినది, మాట మాటకు వరము సంపాదించినది. జాక్ గ్రామ్ ఫోను చేతబట్టుకొని తిరిగినాడు. నటునిమీదికి నెట్టుటయు కుదరదు. ఈ పచీనోయే 1975లో సిడ్నీ లూమెట్ తీసిన ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’లో బ్రూక్లిన్ బ్యాంకు దోచుటకు పోయి, నిమిషములలో ముగియవలసిన పని గంటలకొలది సాగి, బయట పోలీసులు, లోపల బందీలు, నడుమ తాను చిక్కుకొన్న యువకుడుగా కనబడెను. అందు ఎఱ్ఱ అంకెల పలక లేదు. బ్రదుకు దారులు ఒక్కొక్కటిగా మూసికొనిపోవుచుండగా చెమటతో తడిసిన ఆ ముఖమే గడియారము. ‘ఎయిటీ ఎయిట్ మినిట్స్’కు, అదే సంవత్సరమున విడుదలైన అదే దర్శకుని ‘రైచస్ కిల్’కు కలిపి ఆయనకు దక్కినది చెత్తచిత్రములకు పరిహాసముగా ఇచ్చు గోల్డెన్ రాస్ప్‌బెరీ వారి పరిశీలనలో స్థానము.

కావున కాలుని కూలికి కుదుర్చుకొన దలచిన నిర్మాతలకు ఒక విన్నపము. గడియారము తగిలించుటకు ముందు నాయకునిచేత మఱల రానిదేదో ఒకటి వదలిపెట్టింపుడు. అది స్నేహము కానిండు, సత్యము కానిండు, తన్ను గూర్చి తనకు గల గౌరవము కానిండు. ఇద్దరిలో ఒక్కరినే కాపాడగల వేళను కల్పించి, రెండవవారిని దైవవశమున గాక నాయకుని నిర్ణయమువలననే పోగొట్టుడు. ప్రతినాయకునకు పని యుండనిండు, ఉపన్యాసము మానిపింపుడు. ఇది చేతకానిచో పలకను పెఱికివేసి కథను తీరికగా చెప్పుడు. తీరికగా చెప్పిన కథకు తెల్లవార్లు తోలుబొమ్మలాట యెదుట కూర్చున్నవారి మనుమలు విసుగుకొనరు. అదియును చేతకానిచో గోడపత్రికల మీద ‘కాలముతో పందెము’ అను వాక్యమును చెరిపి, ‘నాయకునకు ఏమియు కాదు, బాంబు ప్రేలదు, నిశ్చింతగా రండు’ అని పెద్ద అక్షరములతో ముద్రింపుడు. వచ్చువారు అప్పుడును వత్తురు. భయమమ్ముచున్నామని కేకవేసి అభయమును తూచి యిచ్చుట మాత్రము వర్తకధర్మము కాదు.